ఆవపిండి రంగు గది

పొద్దున్నే ఏడున్నరకల్లా అక్క బస్‌స్టాప్‌లో కూర్చునేది. ఏ బస్సూ ఎక్కేది కాదు. ఒళ్లో నోటుపుస్తకం, చేతిలో పెన్సిలు. దిగేవాళ్ల కాలర్లు, మెడకి చుట్టుకున్న స్కార్ఫులు, చేతిసంచులు చూసి గీతలు పెట్టుకునేది. ఇటుక రంగుకి ఇన్ని, చిలకపచ్చకి ఇన్ని, వంగపండు రంగుకి ఇన్ని. తొమ్మిదింటికి లేచి, వెనక దులుపుకుని వెళ్లిపోయేది. ఆవిడ ఎక్కుతుందేమోనని బస్సు ఆపి చూడ్డం డ్రైవర్లు ఎప్పుడో మానేశారు.

ఇళ్లు తీర్చిదిద్దడం ఆవిడ వృత్తి. ఈ ఏడు ఒంటిమీద ఉన్న రంగు వచ్చే ఏడు గోడమీదకి వస్తుందని ఆవిడ నమ్మకం. ఫ్యాషన్ పత్రికల్లో పొడుగు కాళ్ల అమ్మాయిలు ఏ రంగు వేసుకుని నడుస్తున్నారో చూసేది, బస్‌స్టాప్ గీతలు లెక్కపెట్టేది, రెండూ కలిసినప్పుడు ఎవరింటి హాలుకో ఆ రంగు ఖాయం చేసేది. మోతాదు మాత్రం వాళ్లమ్మ చెప్పినదే. వాళ్లమ్మ బట్టలు కుట్టేది. "గౌనంత ఒకటి, నడుం పట్టీ అంత ఒకటి, గుండీ అంత ఒకటి. మూడు రంగులు దాటాయంటే మనిషి కనపడదు, బట్టే కనపడుతుంది" అనేది ఆ తల్లి. అక్క ఆ మాట తీసుకొచ్చి గదులకి పెట్టింది. గోడలు గౌను, సోఫా కర్టెన్లు నడుం పట్టీ, ఒక దిండో దీపం మీది గొడుగో గుండీ. పత్రికల వాళ్లు అడిగితే "అది నా పద్ధతండీ" అనేది. అమ్మ పేరు ఎత్తేది కాదు.

గోడలకి రంగు వేసేది చెల్లెలు. ఆ పిల్ల బట్టలోంచి రంగు పిండుతుంది. గోరువెచ్చటి నీళ్ల బకెట్లో గుప్పెడు ఉప్పు వేసి, బట్ట ముంచి, మూడుసార్లు గట్టిగా పిండితే రంగంతా నీళ్లలోకి దిగిపోతుంది. ఆ నీళ్లు వెడల్పాటి బ్రష్షుతో పూస్తే గోడ ఆ రంగుకి తిరుగుతుంది. ఒక కోటు ఒక గదికి సరిపోతుంది. బట్ట చివరికి ఉల్లిపొరలా మిగులుతుంది. చిన్నప్పుడు ఉతకమని ఇచ్చినవన్నీ ఇలా పొరలు చేసి తెస్తుంటే అమ్మ వీపు విమానం మోత మోగించేది. పెద్దయ్యాక అదే విద్య అన్నం పెట్టింది. ఇళ్లవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకునేవారు కాదు. నేలమీద చుక్కలు పడుతున్నాయనే వాళ్ల గోల. రంగుల కొట్టాయన ఒక్కడే అక్క కనపడ్డప్పుడల్లా గునిసేవాడు.

"మీ చెల్లెలికి ఏదైనా ఉద్యోగం చూడమ్మా, తల్లీ. నా డబ్బాలు మూతలు తియ్యకుండానే ఎండిపోతున్నాయి."

నియమం ఒక్కటే. కొత్త బట్టే పిండాలి. ఒకరు తొడుక్కున్న బట్టకి రంగుతో పాటు రోజులు కూడా పట్టి ఉంటాయి. అవీ గోడకి ఎక్కుతాయి. ఎక్కాయంటే తొడుక్కున్న మనిషి దగ్గర ఇక మిగలవు, వాటి గురించి తర్వాత అనుకున్న మాటలతో సహా. ఒకసారి ఒక పెద్దమనిషి తను ఆర్నెల్లు వేసుకున్న నీలం చొక్కా ఇస్త్రీ చేయించి, కొత్తదేనని బొంకి ఇచ్చాడు. వాళ్ల భోజనాలగది గోడలు ఆ రోజు నుంచి టైపు మిషన్ల చప్పుడు చెయ్యడం మొదలుపెట్టాయి. ఆయనగారు ఆ ఆర్నెల్లలో ఆఫీసు మారిన సంగతి మర్చిపోయి, పాత ఆఫీసుకి పోయి పాత కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో వేరే ఆయన ఉన్నాడు కూడా. అప్పట్నుంచి బట్ట తీసుకునే ముందు అక్క కాలరు లోపలివైపు వాసన చూసేది.

ఆ ఏడు శీతాకాలం మొదట్లో ఆవపిండి రంగు పైకి లేచింది. మొదటి వారం పదకొండు గీతలు, రెండో వారం పంతొమ్మిది, మూడో వారం ముప్పై నాలుగు. పత్రికల్లోనూ అదే. పచ్చగా మెరిసే పసుపు కాదు, కాస్త మట్టి కలిసినట్టు, కాస్త ఘాటుగా ఉండే పసుపు. అక్క పొంగిపోయింది. సరిగ్గా అప్పుడే పళ్ల డాక్టరమ్మ కబురు పెట్టింది. ఆవిడ కొత్త ఇంటి ముందుగదిని పదిరోజుల్లో ఇళ్ల పత్రిక వాళ్లు ఫొటోలు తియ్యబోతున్నారు. ఊళ్లో ఎవరింట్లోనూ లేని రంగు కావాలి.

అక్క బట్టల కొట్లన్నీ తిరిగింది. ఒకచోట నిమ్మకాయలా ఉంది, ఇంకోచోట గోధుమ రంగుకి దిగిపోయింది. అసలు సరుకు రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. కాళ్లు పీకుతుంటే చెల్లెలి ఇంటికి వెళ్లి కుర్చీలో కూలబడింది. ఎదురుగా తలుపు వెనక మేకుకి కోటు వేలాడుతోంది. మట్టి కలిసిన, ఘాటైన పసుపు.

ఆ కోటు అమ్మ కుట్టింది. ఆవిడ కుట్టిన ఆఖరి బట్ట అదే. మూతపడిన మిల్లు నుంచి వచ్చిన గుడ్డ తానులో చివరి ముక్క, ఆ రంగు మళ్లీ ఎవరూ వెయ్యలేదు. అది కుట్టిన నెలకే ఆవిడ మంచం పట్టింది. రెండేళ్లు లేవలేదు. ఈ రెండు గదుల ఇంట్లో, ఎండ రాని ఆ వెనకగదిలో చలికి తట్టుకోలేక చెల్లెలు ఆ కోటు తొడుక్కునే అమ్మకి గంజి తాగించింది, దుప్పట్లు మార్చింది, దగ్గు వస్తే వీపు నిమిరింది. బయటికి వెళ్లేటప్పుడు విప్పి మేకుకి తగిలించేది. ఆ కోటు అమ్మ గదికే. అక్క ఉండేది నాలుగు స్టాపుల అవతల. ఆ రెండేళ్లలో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ చేతిలో కర్టెన్ గుడ్డల నమూనాలు ఉన్నాయి, మూడుసార్లూ కూర్చోలేదు. నాలుగోసారి వచ్చేసరికి అమ్మ మొహం మీద దుప్పటి కప్పి ఉంది.

"ఆ కోటు నువ్వు ఇప్పుడు వేసుకుంటున్నావా?" అంది అక్క.

చెల్లెలు కూరగాయలు తరుగుతోంది. తలెత్తకుండానే, "వద్దక్కా" అంది.

"నేనింకా ఏమీ అడగలేదు కదే."

"నువ్వు ఆ రంగుని చూసే చూపు నాకు తెలీదా? తొడిగిన బట్ట వద్దని నియమం పెట్టింది నువ్వే."

అక్క లేచి కోటు చెయ్యి పట్టుకుని వెలుగులో తిప్పి చూసింది. బస్‌స్టాప్‌లో గీతలు పెట్టుకునేటప్పుడు ఎంత శ్రద్ధగా ఉంటుందో అంత శ్రద్ధగా గొంతు మెత్తబరిచింది.

"రాత్రిళ్లు నిద్ర పడుతోందా నీకు?"

చెల్లెలి చేతిలో కత్తి ఆగింది. "ఏం పడుతుంది. ఆ దగ్గు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. లేచి వెనకగదిలోకి పోతా. ఖాళీ మంచం చూసి వస్తా."

"అందుకే చెబుతున్నా. ఆ రెండేళ్లు నువ్వు పడ్డది చాలదా? ఇంకా మోస్తూ కూర్చోవడం దేనికి? గోడకి ఎక్కించేస్తే పోతుంది. పదిమందీ చూసి మెచ్చుకుంటారు. నీకూ కంటినిండా నిద్ర."

"అంతా పోతుందిగా అక్కా. అమ్మ నవ్వింది కూడా పోతుంది."

"ఆ రెండేళ్లలో నవ్విందా?"

"ఒకసారి నవ్వింది. ఎందుకో చెప్తే నీకు అర్థం కాదు. నువ్వు ఉండాలి అప్పుడు."

ఆ మాట అక్కకి ఎక్కడో గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే ఆవిడ కోటు అడగడానికి పళ్ల డాక్టరమ్మ సగమే కారణం. మిగతా సగం ఇది. చెల్లెలి దగ్గర ఒక అమ్మ ఉంది, తన దగ్గర లేని అమ్మ. ఆ మాట తనతో తాను కూడా అనుకోలేదు ఆవిడ. పైకి మాత్రం, "నీ మంచికే చెబుతున్నా, తర్వాత నీ ఇష్టం" అంది.

చెల్లెలు మూడు రోజులు ఆలోచించింది. మూడో రాత్రి కూడా దగ్గు వినిపించి లేచింది. నాలుగో రోజు కోటు మడతపెట్టి సంచిలో పెట్టుకుని పళ్ల డాక్టరమ్మ ఇంటికి వచ్చింది. బకెట్లో చేతులు పెట్టేముందు కాలరు ఒకసారి చెంపకి ఆనించుకుంది. పిండడం మొదలుపెట్టాక ఒకటో పిండుకి కళ్లమ్మట నీళ్లు కారాయి. రెండో పిండుకి ఆగాయి. మూడో పిండుకి, "ఏం కోటక్కా ఇది, ఎవరిది? చాలా పాతది" అంది.

గోడలు అద్భుతంగా వచ్చాయి. సోఫా చింతపిక్క రంగు, దీపం మీద ఒక్క నెమలికంఠం గొడుగు. ఫొటో తీసేవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అక్క పేరు పత్రికలో పెద్ద అక్షరాలతో పడింది. చెల్లెలు ఆ రాత్రి నుంచి మొద్దులా నిద్రపోయింది. మొహం తేటపడింది. పని చేస్తూ కూనిరాగాలు తియ్యడం మళ్లీ మొదలుపెట్టింది. ఉల్లిపొరలా మిగిలిన కోటుని మూడు ముక్కలు చించి బ్రష్షులు తుడుచుకునే గుడ్డలు చేసుకుంది.

పదిహేను రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం చెల్లెలు ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, అమ్మ పోయిందని తెలుసు గానీ ఎలా పోయిందో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదే. చాలా బాధపడిందా?"

 అక్కకి మాత్రం ఏం తెలుసు? తెలిసిన మనిషి ఒక్కతే, ఆ మనిషే అడుగుతోంది.

"లేదే. నిద్రలోనే పోయింది."

"దగ్గర ఎవరున్నారు?"

"ఇద్దరం ఉన్నాం" అంది అక్క. "నువ్వు తల దగ్గర, నేను కాళ్ల దగ్గర."

చెల్లెలు సంతోషంగా నిట్టూర్చి, "పోనీలే, అదృష్టవంతురాలు" అంది.

దిండు మార్చాలని పళ్ల డాక్టరమ్మ పిలిస్తే ఆ నెలాఖరున అక్క ఆ ఇంటికి వెళ్లింది. ముందుగదిలో అడుగుపెట్టగానే గొంతు దానంతటదే తగ్గింది. రోగి పడుకున్న గదిలోలా. తైలం వాసన. ఎక్కడో గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు.

"ఈ గది మాకు బాగా నచ్చిందండీ" అంది డాక్టరమ్మ. "మా ఆయన కూడా ఇక్కడ అరవడు. చుట్టాలొస్తే గుసగుసగా మాట్లాడుకుని తొందరగా వెళ్లిపోతారు. ఒక్క నాలుగింటికే కాస్త..."

గడియారం నాలుగు కొట్టింది. కిటికీ పక్క గోడలోంచి, ఊపిరి చాలని గొంతు ఒకటి వచ్చింది.

"పెద్దది వచ్చిందా?"

వంటావిడ లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, గోడవైపు తిరిగి, "ఇంకా రాలేదండీ" అని చెప్పి పోయి గిన్నెలు తోముకుంది. గోడ కాసేపు మాట్లాడలేదు. ఎవరో జవాబు చెబుతుంటే వింటున్నట్టు, ఒక చిన్న మాట పట్టేంత సేపు. తర్వాత మళ్లీ వచ్చింది ఆ గొంతు.

"సరేలే. పనిలో ఉండుంటుంది."

"రోజూ ఇంతే" అంది డాక్టరమ్మ. "వంటావిడ జవాబు చెప్పినా చెప్పకపోయినా ఇంతే."

అక్కకి అర్థమైంది. తొడుక్కున్నవాళ్ల గొంతు బట్టకి పట్టదు, ఎదుటివాళ్లదే పడుతుంది. ఆ ఖాళీలో ఉన్నది చెల్లెలి మాట. వస్తుందిలే అమ్మా, పనుందట. అలా ఎన్ని రోజులు అడిగింది అమ్మ, ఎన్ని రోజులు చెప్పింది ఇది? ఒక్కసారి కూడా చెల్లెలు తనని ఆ మాట అని దెప్పలేదు. ఇప్పుడు దెప్పడానికి దానికి గుర్తే లేదు.

ఆ రోజు నుంచి అక్క ఏదో వంక పెట్టుకుని వారానికి రెండుసార్లు ఆ ఇంటికి పోయేది. కర్టెన్ మడతలు సరిచేసేది, సోఫాని ఒక జానెడు జరిపి మళ్లీ అక్కడే పెట్టేది. నాలుగింటికి గోడ పక్కన నిలబడి "వచ్చానమ్మా" అనేది. "సరేలే, పనిలో ఉండుంటుంది" అనేది గోడ. తనకి కుళ్లు పుట్టించిన ఆ రెండేళ్లు చేతికి వచ్చాయి, పరాయివాళ్ల ముందుగదిలో. ఒక ఆదివారం అమ్మ నవ్వు కూడా వినపడింది. చిన్న నవ్వు, చివర దగ్గులో కలిసిపోయింది. ఎందుకు నవ్విందో అక్కకి నిజంగానే అర్థం కాలేదు. ఆవిడ గోడకి నుదురు ఆనించి ఏడ్చింది. డాక్టరమ్మ చూసి, రంగు పోతుందేమోనని కంగారుపడింది.

అప్పటినుంచి ఆవిడకి కంటికి కునుకు లేదు. చెల్లెల్ని ఆ గదికి తీసుకురావాలి, విననివ్వాలి, చేసింది చెప్పేయాలి. ఇవాళ చెబుతా, రేపు చెబుతా అనుకుంటూనే ఏడాది గడిపింది. నిద్రపోయి లేచిన చెల్లెలి తేట మొహం చూసినప్పుడల్లా నోరు పెగిలేది కాదు. భయం వేసి ఊరుకుని, దానికి జాలి అని పేరు పెట్టుకుంది.

మరుసటి శీతాకాలానికి ఆవపిండి పడిపోయింది. ముప్పై గీతలు, పన్నెండు, నాలుగు. అక్క బస్‌స్టాప్‌లో కూర్చుని ఆ అంకెలు చూసి, ఎదురుగా దిగిన ఒక నల్లకోటు పెద్దాయనకి దొంగగీత కూడా పెట్టింది. అయినా ఐదే అయ్యాయి. బూడిద రంగు ఉప్పెనలా వచ్చింది.

డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"ముందుగది బూడిద రంగుకి మార్చేద్దామండీ."

"ఆవపిండి ఇంకో ఏడాది నిలుస్తుందండీ" అంది అక్క. "ఆ ఒక్క గదీ అలా ఉంచండి, నా మాట విని."

"భలేవారే. నా దగ్గర నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ల కాలర్లు నేను చూడ్డంలేదా? నిన్న నలభైమందిలో ఇరవై ఆరు బూడిద. నిరుటి రంగు గోడమీద పెట్టుకుంటే, మాసిన బట్టలతో చుట్టాల ముందు కూర్చున్నట్టేనని పత్రికలో చెప్పింది మీరేనాయె. మీకు కుదరకపోతే చెప్పండి, రంగుల కొట్టాయన రేపే డబ్బాలు పంపిస్తానంటున్నాడు."

అక్క ఒప్పుకుంది. ఎవరి చేతనో అయ్యేకంటే చెల్లెలి చేతే అవనీ, ఆ గదిలో నిలబెట్టి నిజం చెప్పేస్తాను, బ్రష్షు ముంచేలోపలే చెప్పేస్తాను అనుకుంది. ఆ పట్టుదలతోనే చెల్లెల్ని తీసుకుని వెళ్లింది.

చెల్లెలు గదిలోకి వచ్చి నాలుగు గోడలూ చూసింది. "మంచి రంగే పాపం, పాతబడిపోయింది" అంది. కొట్టునుంచి తెచ్చిన కొత్త బూడిదరంగు శాలువా బకెట్లో ముంచింది. అక్క చిన్న స్టూలు మీద కూర్చుంది. నోరు తెరిచింది. చెల్లెలు ఏదో కూనిరాగం తీస్తోంది. రాగం ఆగాక చెబుదామని అక్క నోరు మూసుకుంది. మొదటి గోడ బూడిదయింది. బ్రష్షు కడిగాక చెబుదామనుకుంది. రెండో గోడ. మూడో గోడ. కిటికీ పక్క గోడ ఒక్కటే మిగిలింది. నేలమీద పడ్డ చుక్కలని చెల్లెలు ఉల్లిపొర గుడ్డతో వంగి తుడుస్తోంది.

నాలుగు కొట్టింది. ఒక్క గోడే మిగలడంతో గొంతు మరీ సన్నగా వచ్చింది.

"పెద్దది వచ్చిందా?"

చెల్లెలు తలెత్తింది. దానికి గుర్తున్న అమ్మ గొంతు కంచు. మేడమీద నుంచి అరిస్తే వీధి చివరికి వినపడేది. ఈ గొంతు ఎవరిదో దానికి తెలీలేదు. అక్కవైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుని, గోడకి దగ్గరగా వెళ్లింది.

"వస్తుందిలే అమ్మా, పనుందట" అంది మెల్లగా.

ఆ మాట ఆ ఖాళీలో పొల్లుపోకుండా కూర్చుంది.

"సరేలే. పనిలో ఉండుంటుంది" అంది గోడ.

అక్క స్టూలు మీద నుంచి లేచింది. 

"ఎవరో పెద్దావిడ అక్కా, పాపం" అంది చెల్లెలు, కళ్లు తుడుచుకుంటూ. "ఏ తల్లో ఏమో. పెద్దకూతురి కోసం కాబోలు. వచ్చినట్టు లేదు. వినలేకపోతున్నా, తొందరగా పూసేస్తా." బ్రష్షు ముంచి, అంచుకి రాసి నీళ్లు కారనిచ్చింది. "మన అమ్మకి ఆ గతి పట్టలేదు. ఇద్దరం ఉన్నాం. నువ్వు కాళ్ల దగ్గర, నేను తల దగ్గర. కదక్కా?"

బ్రష్షు గోడకి బెత్తెడు దూరంలో ఆగి ఉంది. చెల్లెలు జవాబు కోసం చూస్తోంది.

"అవునే" అంది అక్క. "ఇద్దరం ఉన్నాం."

చెల్లెలు కింద నుంచి పైకి పదకొండు పూతల్లో ఆ గోడ పూర్తిచేసింది. చేతులు కడుక్కుని, డాక్టరమ్మ ఇచ్చిన టీ తాగి, అక్క చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

మర్నాడు నాలుగింటికి వంటావిడ అలవాటుకొద్దీ చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వచ్చి, "ఇంకా రాలేదండీ" అంది. ఎవరూ అడగలేదు.